రోగిని చూడని వైద్యురాలు



గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకొని మదరసా వరండాలో కూర్చొని ఉండగా, మా ఊరి వస్త్ర వ్యాపారి ఒకరు వచ్చి నా ప్రక్కన కూర్చున్నారు. ఆయన కుమారులిద్దరూ నా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నవారే. కుమార్తె ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసిన రోజున వీధి వీధంతా మిఠాయి పంచిన ఆ మనిషి ఆనాడు ముఖం చిన్నబుచ్చుకొని ఉన్నారు.

“మౌలానా గారూ, అయిదున్నర సంవత్సరాలు ఎం.బి.బి.ఎస్., ఆపైన మూడేళ్లు ఎం.డి. చదివించాను. దుకాణం మీద అప్పు తెచ్చాను. మా అమ్మ ముందు గదిని ఖాళీ చేయించి, ఇది నా మనవరాలి దవాఖానా అని తాళం చెవి తన వద్దే ఉంచుకుంది. గుమ్మం పైన పేరు పలక కూడా రాయించాం. ఇప్పుడీ పిల్ల హైదరాబాదులో మందుల కంపెనీ ఉద్యోగానికి వెళ్తానంటోంది. అక్కడ స్టెతస్కోపుతో పనే లేదట. రోజంతా కంప్యూటరు ముందు కూర్చొని కాగితాలు చదవడమేనట. సంబంధం మాట్లాడుతున్నవారు కూడా, అయితే మీ అమ్మాయి నిజమైన డాక్టరు కాదన్నమాట అన్నారు. నాకు రెండు సంగతులు చెప్పండి. ఈ చదువంతా వృథా అయినట్లేనా? మందులు అమ్ముకునేవారు ఇచ్చే జీతం ధర్మసమ్మతమేనా?”

నేను తొందరపడ్డాను. ఈ మాట మీ ముందు ఒప్పుకోవడానికే ఈ నెల ఈ అంశాన్ని ఎంచుకున్నాను. “రోగికి సేవ చేయడం కన్నా గొప్ప పని ఏముంది? అమ్మాయికి నచ్చజెప్పి దవాఖానా తెరిపించండి” అని పంపేశాను. తెలియని విషయంలో తీర్పు చెప్పకూడదని విద్యార్థులకు ముప్ఫై ఏళ్లుగా బోధిస్తున్నవాణ్ణి, ఆ ఉద్యోగం ఏమిటో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తీర్పు చెప్పేశాను.

మరుసటి శుక్రవారం ఆ అమ్మాయి తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. నా భార్య టీ తెచ్చి ఇచ్చి అక్కడే కూర్చుంది. అమ్మాయి వాదించలేదు. తాను చేయబోయే పని ఎటువంటిదో మెల్లగా వివరించింది. ఆమె ఎం.డి. చేసింది ఫార్మకాలజీలో, అనగా ఔషధ శాస్త్రంలో. ఆమె చేరదలచినది ఔషధ భద్రతా విభాగం. ఒక మందు వాడిన తరువాత ఎవరికైనా ఏదైనా హాని జరిగితే ఆ సమాచారం ఈ విభాగానికి చేరుతుంది. ఆ హాని మందు వల్ల కలిగిందా, రోగం వల్ల కలిగిందా, ఇంకేదైనా కారణం ఉందా అని అక్కడి వైద్యులు పరిశీలిస్తారు.

“ప్రతి నివేదికలో నాలుగు విషయాలు చూస్తామండీ. బాధపడిన మనిషి ఎవరు, వాడిన మందు ఏది, జరిగినదేమిటి, ఆ సంగతి చెప్పినది ఎవరు. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ నివేదిక అసంపూర్ణమే” అన్నది.

ఆ మాట వినగానే నాకు మా హదీసు పాఠం గుర్తుకొచ్చింది. ఒక ఉల్లేఖనం మా ముందుకు వస్తే మేము మొదట అడిగేది అదే కదా: చెప్పినది ఎవరు, ఎవరి వద్ద విన్నారు, ఆయన జ్ఞాపకశక్తి ఎటువంటిది, నిజాయితీ ఎటువంటిది? మన పూర్వ విద్వాంసులు ఒక్కొక్క ఉల్లేఖకుని గురించి తెలుసుకోవడానికి నెలల తరబడి ప్రయాణాలు చేశారు. వారు చేసింది వృథా శ్రమ అని మనలో ఎవరమూ అనము.

ఇంతలో నా భార్య ఒక విషయం చెప్పింది. రెండేళ్ల క్రితం మోకాళ్ల నొప్పులకు ఆమె ఒక మాత్ర వాడింది. మూడవ రోజుకే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. వైద్యుడు ఆ మందు మానిపించి వేరొకటి రాశాడు. వారానికి తగ్గిపోయింది. మిగిలిన మాత్రలను చెత్తబుట్టలో పడేశాము.

“ఆ సంగతి ఎవరికైనా తెలియజేశారా పిన్నమ్మా?” అని అడిగింది అమ్మాయి.

మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. తెలియజేయాలనే ఆలోచనే మాకు రాలేదు. “మీలాగే ఇంకో పదిమందికి అలా జరిగి ఉండవచ్చు. పదిమందీ మాత్రలు పారేసి ఊరుకుంటే, పదకొండవ మనిషి కూడా అదే మాత్ర వేసుకుంటాడు” అన్నది ఆమె.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తరువాతి రోజుల్లో ఆ అమ్మాయి ఇచ్చిన పుస్తకాలు చదివాను, ఇద్దరు వైద్యులను అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్న విషయాలను మీతో పంచుకోవడం నా బాధ్యత.

1937వ సంవత్సరంలో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును పానకంగా తయారుచేసి అమ్మింది. మందును కరిగించడానికి డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష ద్రవం వాడారు. విషం కలిగినదో కాదో పరీక్షించలేదు, ఎందుకంటే అమ్మకానికి ముందు పరీక్షించాలనే చట్టమే అప్పటికి లేదు. వందమందికి పైగా మరణించారు. వారిలో పసిపిల్లలు చాలామంది. ఆ విషాదం తరువాతనే 1938లో, మందు సురక్షితమని చూపిన తరువాతే అమ్మాలని అక్కడ చట్టం వచ్చింది.

ఆ విషాన్ని గుర్తించడానికి షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలో ఒక విద్యార్థిని కూడా పాల్గొన్నది. ఆమె పేరు ఫ్రాన్సెస్ ఓల్డం. కెనడా దేశస్థురాలు. ఆమె దరఖాస్తు చూసిన ఆచార్యుడు పురుషుడనుకొని, మిస్టర్ ఓల్డం అని సంబోధిస్తూ అవకాశం ఇస్తున్నట్లు ఉత్తరం రాశాడట! వివాహానంతరం ఆమె ఫ్రాన్సెస్ కెల్సీ అయింది. ఔషధ శాస్త్రంలో డాక్టరేటు తరువాత వైద్య పట్టా కూడా పొంది, దక్షిణ డకోటా రాష్ట్రంలో కొంతకాలం సాధారణ వైద్యురాలిగా రోగులను చూసింది. 1960 ఆగస్టులో ఆ పని వదిలి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో చేరింది. కాగితాలు చదివే ఉద్యోగమే అది!

చేరిన నెలరోజులకే ఆమె బల్ల మీదకు థాలిడోమైడ్ అనే మందు దరఖాస్తు వచ్చింది. నిద్ర పట్టడానికి, గర్భిణుల వికారం తగ్గడానికి ఐరోపాలో విరివిగా వాడుతున్న మందు అది. ఆనాటి చట్టం ప్రకారం 60 రోజుల్లోగా అధికారి అభ్యంతరం చెప్పకపోతే అనుమతి లభించినట్లే. కెల్సీ అభ్యంతరం చెప్పింది. ఆధారాలు చాలవు, మరిన్ని పంపండి అన్నది. మళ్లీ పంపారు, మళ్లీ చాలవన్నది. కంపెనీ ప్రతినిధులు ఫోన్లు చేశారు, స్వయంగా వచ్చారు, ఆమె పై అధికారులకు ఫిర్యాదు చేశారు. ఈలోగా, ఆ మందు ఎక్కువకాలం వాడినవారి చేతులకు, కాళ్లకు తిమ్మిర్లు వస్తున్నాయని బ్రిటన్ వైద్య పత్రికలో ఒక వైద్యుడు రాసిన చిన్న లేఖ ఆమె కంటబడింది. పెద్దల నరాలకే హాని చేసే మందు గర్భంలోని శిశువుకు ఏమి చేస్తుందో చెప్పండి అని ఆమె అడిగింది. దానికి కంపెనీ వద్ద సమాధానం లేదు.

1961 నవంబరులో సమాధానం జర్మనీ నుండి వచ్చింది. ఆ మందు వాడిన తల్లులకు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడని బిడ్డలు పుట్టారు. ప్రపంచమంతటా అటువంటి శిశువుల సంఖ్య 10,000 దాటిందని అంచనా. అమెరికాలో కంపెనీ ముందుగానే నమూనాలుగా వైద్యులకు పంచిపెట్టిన మాత్రల వల్ల కొద్దిమంది బిడ్డలు బాధితులయ్యారు గాని, ఐరోపాలో జరిగిన ఘోరం అక్కడ జరగలేదు. 1962లో ఆ దేశాధ్యక్షుడు కెన్నెడీ ఆమెను సత్కరించారు. అదే సంవత్సరం, మందు సురక్షితమని మాత్రమే కాక, నిజంగా పనిచేస్తుందని కూడా నిరూపించాలని చట్టాన్ని సవరించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కెల్సీ ఏ కొత్త మందునూ కనిపెట్టలేదు. ఏ శస్త్రచికిత్సా చేయలేదు. ఆమె రక్షించిన బిడ్డల ముఖాలను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ బిడ్డల తల్లులకు తాము రక్షింపబడ్డామన్న సంగతే తెలియదు. ఆమె చేసిందల్లా, చదవవలసినదంతా చదివి, సంతకం చేయకుండా ఆగడం.

ఇది చదువుతున్నప్పుడు మీకూ నాకూ చిన్నప్పటి నుండి తెలిసిన ఒక సంఘటన నా మనసులో మెదిలింది. దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశి వద్ద ఆగి లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అయితే తడిసిన ధాన్యాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. రాశి పైభాగం చూసి కొనే సామాన్యునికి లోపలి తడి తెలియదు. ఎవరో ఒకరు లోపలికి చెయ్యి పెట్టి చూడాలి. మందు విషయంలో ఆ చెయ్యి వైద్య విద్య నేర్చినది కాకపోతే తడిని గుర్తించలేదు.

మన చరిత్రలోనూ ఈ బాధ్యతను గుర్తించారు. క్రీ.శ. 931లో బగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి మరణించాడని తెలిసి, పరీక్షలో నెగ్గినవారు మాత్రమే వైద్యం చేయాలని ఖలీఫా ముఖ్తదిర్ ఆదేశించాడు. పరీక్షించే పని సినాన్ ఇబ్న్ సాబిత్ అనే వైద్యునికి అప్పగించాడు. బజారులను తనిఖీచేసే ముహ్తసిబ్‌ల కొరకు 12వ శతాబ్దంలో షైజరీ రచించిన గ్రంథంలో, మందులలో కల్తీని కనిపెట్టే పద్ధతులకు ప్రత్యేక అధ్యాయమే ఉంది.

ఇక మందులు తయారుచేసే కంపెనీ ఉద్యోగం సంగతి. తెలుగువారికి ఇందులో కొత్తేమీ లేదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివిన మనిషి. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న ఆయన మందుల అన్వేషణ కొరకు అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లీ అనే ఔషధ కంపెనీలో చేరారు. బోదకాలు నివారణకు మన జిల్లాలలో నేటికీ ఇంటింటా పంచే డి.ఇ.సి. మాత్ర ఆయన నాయకత్వంలో జరిగిన కృషి ఫలితమే. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినవే. ఆయన దవాఖానా పెట్టలేదు. ఆయనను వైద్యుడు కాదని ఎవరనగలరు?

అయితే ఈ మార్గంలో అంతా వెలుగే ఉందని చెప్పను. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాపై అధ్యయనం జరిగింది. తరువాత సంభవించిన కొన్ని మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది. కాని వసతిగృహాలలోని ఎందరో బాలికల సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు చేసినట్లు బయటపడింది. తడి ధాన్యం కొన్నిసార్లు మందులో ఉండదు, పత్రంలో ఉంటుంది. ఆ పత్రాలను చదివి, ఇది చెల్లదు అని చెప్పగల వైద్యుడు సకాలంలో అక్కడ లేకపోవడమే లోటు.

1937 నాటి ఆ విష ద్రవం కథ కూడా ముగియలేదు. 1986లో ముంబయిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో అదే విషంతో కలుషితమైన గ్లిజరిన్ వల్ల 14 మంది మరణించారు. 2022లో గాంబియా దేశంలో పసిపిల్లల మరణాల సందర్భంగా, మన దేశంలో తయారైన దగ్గు మందులలో అదే విషం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీచేసింది. గాంబియా ప్రజలలో అత్యధికులు మన ధార్మిక సోదరులు. ఆ తల్లులు జ్వరంతో ఉన్న బిడ్డ నోట్లో తమ చేతులతో పోసిన మందు అది. ఇటువంటివి జరుగుతూ ఉండగా, చదువుకున్న మన బిడ్డ ఆ రంగంలోకి వెళ్తానంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు.

వైద్యవిద్య ముగించినవారికి ఈ రంగంలో ఉన్న దారులను క్లుప్తంగా చెబుతాను. ఫార్మకాలజీలో ఎం.డి. మూడేళ్లు. ఆపైన క్లినికల్ ఫార్మకాలజీలో డి.ఎం. చేయదలచినవారికి మరో మూడేళ్లు. కంపెనీలలో ప్రధానంగా మూడు రకాల పనులున్నాయి. మొదటిది, మనుషులపై జరిగే ఔషధ పరీక్షల పర్యవేక్షణ. పరీక్షలో పాల్గొన్న వ్యక్తికి తీవ్ర హాని జరిగితే పరీక్షకుడు 24 గంటలలో తెలియజేయాలని, కంపెనీ 14 రోజులలో తన విశ్లేషణ సమర్పించాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. రెండవది, ఇదివరకు చెప్పిన ఔషధ భద్రత. మూడవది, మందు గురించి వైద్యులకు శాస్త్రీయ సమాచారం అందించే విభాగం. ఈ మూడవది అమ్మకానికి అతి దగ్గరగా ఉంటుంది గనుక అక్కడ పరీక్ష కూడా ఎక్కువే.

ప్రభుత్వం వైపు చూస్తే, కొత్త మందుల దరఖాస్తులను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలిస్తుంది. ఆ సంస్థకు సలహా ఇచ్చే నిపుణుల సంఘాలలో వైద్యులూ ఉంటారు. ఔషధ తనిఖీ అధికారి పదవికి ఫార్మసీ పట్టభద్రులే కాక, క్లినికల్ ఫార్మకాలజీ లేదా సూక్ష్మజీవశాస్త్రంలో ప్రత్యేక శిక్షణ గల వైద్యులూ అర్హులే. పరీక్షలకు అనుమతినిచ్చే నైతిక సంఘంలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి. ధార్మిక పండితునికి సైతం అందులో చోటు ఉండవచ్చునని నిబంధనలో చదివి నాకు ఆశ్చర్యం కలిగింది, కొంత సిగ్గు కూడా వేసింది. మనల్ని పిలిస్తే వెళ్లి ఏమి అడగాలో మనలో ఎందరికి తెలుసు?

ఇక ఆ తండ్రి అడిగిన రెండవ ప్రశ్న. జీతం ధర్మసమ్మతమేనా? రోగాన్ని తగ్గించే వస్తువును తయారుచేయడం, అమ్మడం సక్రమమైన వ్యాపారమే. అందులో నిజాయితీగా చేసిన పనికి తీసుకునే వేతనమూ సక్రమమే. కాని ఆ వేతనం తడి ధాన్యాన్ని దాచడానికి కాకూడదు. అమ్మాయికి నేను మూడు మాటలు చెప్పాను. చదవని కాగితంపై సంతకం చేయవద్దు. జరిగిన హానిని తక్కువ చేసి రాయమని ఎవరైనా అడిగితే, అడిగినది ఎంత పెద్దవారైనా ఒప్పుకోవద్దు. ఒప్పుకోక తప్పని రోజు వస్తే ఆ ఉద్యోగం వదిలి రా, ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్. ఈ మూడవ మాట చెప్పేటప్పుడు నేను ఆమె తండ్రి వైపు చూశాను. బిడ్డ అలా వదిలి వస్తే, నెల వాయిదా ఎలా కట్టాలని నిలదీయకుండా ఉండగలరా అని అడిగాను. ఆయన చాలాసేపు తలవంచుకొని కూర్చొని, “ఇన్షా అల్లాహ్, దుకాణం ఉంది కదా” అన్నారు. బిడ్డల నిజాయితీలో సగం బరువు తల్లిదండ్రులే మోయాలి. పెళ్లి సంబంధం వారికి కూడా ఇదే చెప్పమన్నాను. వారు ఇంకా ఏ సంగతీ తెలుపలేదు.

పాఠక సోదరీసోదరులారా, మీ ఇంట వైద్యులు లేకపోయినా మీరు చేయగలిగిన పని ఒకటుంది. మన దేశంలో 2010 నుండి మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. అనేక వైద్య కళాశాలలలో దాని కేంద్రాలున్నాయి. రోగి గాని, ఇంటివారు గాని స్వయంగా తెలియజేయవచ్చు. 1800-180-3024 అనే నంబరుకు ఫోను చేస్తే ఖర్చు ఉండదు. మందు వల్ల ఏదైనా హాని అనిపిస్తే మాత్రల అట్టను పారేయకండి. మందు పేరు, బ్యాచ్ సంఖ్య, ఎప్పటి నుండి వాడారు, ఏ రోజున ఏమి జరిగింది అన్నవి ఒక కాగితంపై రాసి ఉంచండి. వైద్యుణ్ణి అడగకుండా మందు మానేయకండి, వైద్యునికి చెప్పకుండా దాచకండి. మందులంటే భయపడాలని నేనెంతమాత్రమూ అనడం లేదు. తెలిసిన హానిని తోటివారికి తెలియజేయడం మనపై ఉన్న అమానతు అంటున్నాను. నా భార్య గుర్తున్నంత మేరకు ఆ పాత సంగతిని మొన్న ఫోనులో చెప్పింది. మందు పేరు మాత్రం ఎంత ప్రయత్నించినా ఆమెకు గుర్తు రాలేదు.

ఆ అమ్మాయి వచ్చే నెల హైదరాబాదు వెళ్తోంది. దాదీకి మాత్రం ఇంకా కోపం తీరలేదు. “మరి నాకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు?” అని అడిగిందట. “సెలవురోజుల్లో వచ్చి నేనే చూస్తాను దాదీ, ముందు గది తాళం మీ దగ్గరే ఉండనివ్వండి” అన్నదట మనవరాలు. గుమ్మం పైన పేరు పలక ఇంకా అలాగే ఉంది.

మన బిడ్డలు నేర్చిన విద్యను తెలిసినవారికీ, తెలియనివారికీ మేలు చేసేదిగా అల్లాహ్ మలచుగాక! ఆమీన్.